పట్టీ ఎవరి భుజానికి

కెమెరా సంచీ కొనడానికి నరసరావుపేట బజారుకు వెళ్ళిన రోజు గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కోపం చల్లారాక రాద్దామని చాలా ఏళ్ళు ఆగాను. చల్లారలేదు. ఇక ఆ కోపంతోనే రాస్తున్నాను.

ఎనభైల నడిమి సంవత్సరాలు. మాది గురజాల. నా చదువు పదో తరగతితో మాన్పించారు కానీ లైబ్రరీ మాన్పించడం ఎవరి వల్లా కాలేదు. పేపర్లు చదివే మగవాళ్ళు బెంచీల నిండా కాళ్ళు చాపుకుని కూర్చుంటే నేను బీరువా పక్కన నిలబడి చదివేదాన్ని. ఫొటోగ్రఫీ మీద అక్కడ ఉన్న ఒకే ఒక్క తెలుగు పుస్తకాన్ని, కెమెరాను చేత్తో ముట్టుకోకముందే చదివేశాను. తర్వాత బట్టలు కుట్టిన డబ్బుతో, మూతబడుతున్న ఒక స్టూడియోలో పాత కెమెరా, ఫ్లాష్ కొన్నాను. ఆ స్టూడియో ఆయన వాడే విధానం చెప్పబోతే నేనే ముందు చెప్పాను. గొప్ప చెప్పుకుంటున్నానని అనుకుంటే అనుకోండి. నాకు అభ్యంతరం లేదు.

ఆడపిల్లలు పెద్దమనుషులైన ఫంక్షన్లకు నన్ను పిలిచేవారు. మగ ఫొటోగ్రాఫర్ గదిలోకి వస్తే పిల్ల తల ఎత్తదు. తల ఎత్తకపోతే ఫొటో ఎందుకు? ఆ అవసరం కొద్దీ నాకు పని దొరికింది. ఒంటరిగా పంపరు కాబట్టి మా అన్న తోడు వచ్చేవాడు. కెమెరా, ఫ్లాష్ పెట్టిన గుడ్డ సంచీ వాడి భుజాన ఉండేది.

మా వైపు ఒక పద్ధతి ఉంది. పని అయ్యాక ఇంటివాళ్ళు తాంబూలంలో పెట్టి ఇచ్చే సొమ్ము పనిముట్టు మోసేవాడి చేతికే ఇస్తారు. డోలు ఎవరి మెడలో ఉంటే వాడే మేళగాడు. అట్లాగే సంచీ ఎవరి భుజాన ఉంటే వాడే ఫొటోగ్రాఫర్. గదిలో ఉక్కపోతలో చెమటలు కారుతూ ఫొటోలు తీసి నేను బయటికి వచ్చేసరికి, అరుగు మీద సోడా తాగిన మా అన్న చేతిలో తాంబూలం ఉండేది. "నీ చెల్లెలు బాగానే సాయం చేసిందయ్యా" అనేవారు. వాడు నవ్వేవాడు. ఒక్కసారైనా "తీసింది అదే" అనలేదు. డబ్బు వాడు తినలేదు, తెచ్చి అమ్మకే ఇచ్చేవాడు. కానీ ఆ నవ్వు మాత్రం నేను మర్చిపోలేదు.

అంతలో మాచర్లలో తీసిన ఫొటోలు పాడయ్యాయి. రీలు పొడుగునా ఒకే గీత, ప్రతి ఫొటోలోనూ పిల్ల చెంప మీదుగా పోయింది. పిల్ల తల్లి ఆ ఫొటోలు పట్టుకుని మా ఇంటికొచ్చి, "మొహం మీద కత్తి గాటు పెట్టినట్టు పెట్టావు గదే, ఇది శుభమా?" అని ఏడ్చింది. మా అన్న నాకు తీయడం రాదన్నాడు. నాకు కారణం తెలుసు, పుస్తకంలో ఉంది. కెమెరాలోకి ఇసక రేణువు పోతే రీలును గీరుతుంది. రాళ్ళ లారీలు తిరిగే మా రోడ్ల మీద, కిటికీలు మూతపడని బస్సులో, నోరు తెరుచుకుని ఉండే గుడ్డ సంచీ! దుమ్ము పోకుండా ఉంటుందా?

క్రోసూరులో ఇంకో ఫంక్షన్ ఒప్పుకుని ఉన్నాం. అక్కడా గీత పడితే నన్ను ఇక ఎవరూ పిలవరు. అందుకే సరైన సంచీ కోసం పేట వెళ్ళాం. కోటప్పకొండ తిరునాళ్ళ ముందు రోజులు. ప్రభలు కట్టేవాళ్ళు రంగు కాగితాల కోసం, బల్బుల కోసం బజారంతా కమ్ముకుని ఉన్నారు. వెదురు బొంగులు భుజాన వేసుకుని తిరిగేవాళ్ళ నుంచి కళ్ళు కాపాడుకుంటూ నడిచాం.

మొదటి కొట్లో "కెమెరా సంచీ చూపించండి" అని నేను అడిగాను. కొట్టాయన నన్ను దాటి మా అన్నను చూశాడు.

"ఏ కెమెరా బాబూ తమరిది?"

"నాది" అన్నాను.

ఆయన లేచి ఎర్ర హ్యాండ్‌బ్యాగు ఒకటి దించాడు. "అమ్మాయిగారికి ఇది చానా బాగుంటది. లోపల అద్దం కూడా ఉంది."

"అద్దం నా కెమెరాలోనే ఉంది. నాకు దుమ్ము పోని మూత కావాలి."

"లైబ్రరీ చదువులెండి" అన్నాడు మా అన్న. ఇద్దరూ నవ్వుకున్నారు.

రెండో కొట్లో టిఫిన్ క్యారియర్ బుట్ట చూపించారు. దాన్ని కూడా మా అన్నకే చూపించారు. ధర వాడికే చెప్పారు. నా నోట్లోంచి మాట వస్తుంటే జవాబు వాడి మొహానికి పోతోంది. మూడో కొట్టుకు వచ్చేసరికి పళ్ళు కొరుకుతున్నాను.

చివరికి కండక్టర్లకు రెగ్జిన్ సంచులు కుట్టే పెద్దాయన దగ్గర ఆగాను. లోపల స్పాంజి, కెమెరాకూ ఫ్లాష్‌కూ మధ్య అడ్డం, జిప్పు మీద రెండు వేళ్ళ మేర కిందికి దిగే మూత. అన్నీ సుద్దముక్కతో ఆయన బల్ల మీదే గీసి చూపించాను. ఆయన బాగానే విన్నాడు. పొద్దు వాలేసరికి కుట్టి పెట్టాడు. మేం వచ్చేసరికి పట్టీకి రివిట్లు కొట్టడమే మిగిలింది. సంచీ తీసుకుని, ఎవరినీ అడక్కుండా, మా అన్న భుజానికి వేలాడదీసి పట్టీ మీద సుద్దతో గీత పెట్టాడు.

"నాకు కదా కుట్టమన్నాను. కొలత నాకు పెట్టండి" అన్నాను.

"మోసేది అబ్బాయే గదమ్మా."

"మోసేది నేనే."

మా అన్న మొహం ఎర్రబడింది. "ఏందే నీ గోల? నేనుండగా నువ్వు మొయ్యటమేంది? చూసినోళ్ళు నన్ను ఉమ్మెయ్యరూ?"

"నేను తీస్తంటే నువ్వు సోడా తాగుతుంటావుగా. అప్పుడు ఉమ్మారా ఎవరన్నా?"

జనం ఆగిపోయారు. గాజులు అమ్మే ఆమె నవ్వుతూ, "పోనీలే అమ్మాయ్, మోస్తానంటే మొయ్యనీ. మా ఆయన కూరల సంచీ కూడా అంటుకోడు" అంది. వెదురు బొంగు పట్టుకున్న ఒకడు, "చెల్లెల్ని కూడా సంచీలో ఏసి మొయ్యవయ్యా, గొడవ తీరుద్ది!" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. మా అన్న కూడా నవ్వబోయి ఆగాడు.

పెద్దాయనకు విసుగొచ్చింది. "పోట్లాటెందుకు? బకిలు పెడతా. పొడుగు కావాల్సినోళ్ళు పొడుగు, పొట్టి కావాల్సినోళ్ళు పొట్టి."

"అట్టా పెట్టండి" అన్నాడు మా అన్న వెంటనే.

బకిలు పెడితే ఏమవుతుందో నాకు తెలుసు. బజారులో నా భుజాన ఉన్న సంచీ క్రోసూరు బస్సు దిగేసరికి వాడి భుజాన ఉంటుంది. "బకిలు వద్దు. రివిటే కొట్టండి, నా కొలతకు" అన్నాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. సంచీ వాడి భుజం మీంచి లాగి నా భుజాన వేసుకుని, ముందు పెట్టిన సుద్దగీతను చేత్తో తుడిచేశాను.

"రివిటు కొట్టినాక ఊడదీయను. బాగా ఆలోచించుకోండి" అన్నాడు ఆయన.

"ఆలోచించుకున్నా."

సుత్తి దెబ్బలు పడుతుంటే మా అన్న, "అయితే క్రోసూరు నువ్వే పో. నేను రాను. తాంబూలం ఎట్టా తెచ్చుకుంటావో చూస్తా" అని వెళ్ళిపోయాడు. ఊరికి తిరిగొచ్చే బస్సులో వాడు వెనక సీట్లో, నేను ముందు సీట్లో. ఇంట్లో జరిగింది రాయను. ఆ వారమంతా అమ్మ నాతో మాట్లాడలేదు. చివరికి పక్కింటి అత్త తోడు వస్తానంది.

క్రోసూరులో ఫొటోలన్నీ తీశాను. ఇంటి పెద్దావిడ పళ్ళెంలో తాంబూలం పెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. నా భుజాన సంచీని చూసింది. నా వెనక చూసింది. వీధిలోకి తొంగి చూసింది.

"మీ మగాళ్ళెవరూ రాలేదా అమ్మాయ్?"

"రాలేదు. తీసింది నేనే."

"తీశావులే, చూశాం గదా. ఎవరికియ్యాలో మా ఆయన్ని అడిగొస్తా ఉండు." పళ్ళెంతో సహా లోపలికి పోయింది.

అత్త నా చెయ్యి పట్టుకుని లాగింది. "రేపు పంపిస్తార్లేవే. బస్సు పోద్ది, పద."

"పోతే పోనీ" అన్నాను. సంచీ దించలేదు, కూర్చోమన్నా కూర్చోలేదు. పళ్ళెం బయటికొచ్చి నా చేతికి అందేదాకా ఆ గుమ్మం వదల్లేదు.