కెజియా క్లోజప్‌లో నేను చెరిపేసిన అంచు

అది 2023 అక్టోబరు. అల్ఫారెట్టాలో మా తెలుగు చర్చి ఆదివారం మధ్యాహ్నాలు అద్దెకు తీసుకునే అమెరికన్ చర్చి భవనంలో, ఆరాధన జరిగే హాలు వెనక భోజనాలు చేసే పెద్ద గది ఉంది. శనివారాలు ఆ గదిలోనే హైస్కూలు పిల్లలకు ఫొటోగ్రఫీ నేర్పేవాణ్ణి. నా వృత్తి కూడా అదే. అట్లాంటా చుట్టుపక్కల తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, పుట్టినరోజులు తీస్తాను. జార్జియాలో సగం మంది అమ్మాయిల ఓణీల ఆల్బములు నా కంప్యూటర్‌లోనే ఉన్నాయని మా ఆవిడ ఎగతాళి చేస్తుంది.

ఆ ఏడాది పిల్లలకు ఇచ్చిన పని రెండు ఫొటోలు. ఒకటి క్లోజప్, అంటే వస్తువుకు బాగా దగ్గరగా వెళ్ళి తీసేది. రెండోది యాక్షన్ షాట్, కదులుతున్నదాన్ని ఉన్నపళంగా ఆపి పట్టుకునేది. చివర్లో ప్రదర్శన పెట్టి, ప్రతి ఒక్కరూ తమ ఫొటోల పక్కన నిలబడి, ఏం ఆలోచించి తీశారో చదివి వినిపించాలి. నియమం ఒక్కటే పెట్టాను. ఎడిటింగ్ చేయకూడదు. కెమెరాలో ఏది పడిందో అదే గోడ మీదకు రావాలి.

కెజియా అప్పుడు పదో తరగతి. తక్కువ మాట్లాడే పిల్ల. ఒక శనివారం క్లాసు అయ్యాక నా దగ్గరకు వచ్చింది.

"అంకుల్, క్లోజప్ అంటే ఎంత దగ్గరికి వెళ్ళొచ్చు?"

"లెన్స్ ఫోకస్ అయినంత దగ్గరికి."

"అది కాదు. మనుషులైతే?"

"వాళ్ళు ఒప్పుకున్నంత దగ్గరికి," అన్నాను. అప్పటికి అదేదో తెలివైన జవాబులా అనిపించి నాలో నేనే మురిసిపోయాను కూడా.

ప్రింటింగ్ ల్యాబ్‌కు పంపే ముందు పిల్లల ఫైళ్ళన్నీ నేను ఒకసారి చూసుకోవాలి. సైజు సరిపోయిందా, రంగు మరీ ముదిరిందా అని. అదే వారంలో ఒక పెళ్ళి ఆల్బమ్ కూడా ఇవ్వాల్సి ఉంది. ఒకే స్క్రీన్ మీద అటు పెళ్ళికూతురు, ఇటు పిల్లల ఫొటోలు. ఆ వరుసలో కెజియా క్లోజప్ వచ్చింది.

కనుబొమ్మ నుంచి బుగ్గ సగం వరకు, ఒక ఆవిడ ముఖం. కంటి చివర గోధుమరంగు చర్మం ఆగిపోయి తెల్లటి మచ్చ మొదలవుతుంది. రెప్ప వెంట్రుకలు కూడా నాలుగైదు తెల్లబడ్డాయి. బొల్లి. మనవాళ్ళు ఆ మాటను కూడా గొంతు తగ్గించి అంటారు. ముఖంలో ఆ కాస్త భాగమే ఉంది కాబట్టి ఎవరో నాకు తెలియలేదు.

మా పనిలో రీటచింగ్ అని ఒకటి ఉంటుంది. ఫొటోలో మొటిమలు, మచ్చలు, ముడతలు తీసేయడం. దానికి హీలింగ్ బ్రష్ అని ఒక పనిముట్టు. మౌస్‌తో రుద్దితే చాలు, పక్కనున్న మంచి చర్మాన్ని తెచ్చి మచ్చ మీద పరుస్తుంది. మా తెలుగు పెళ్ళిళ్ళలో దీన్ని ఎవరూ నోరు తెరిచి అడగరు. అడగకుండానే చేయాలి, చేశామని చెప్పకూడదు. అమ్మాయి రంగు కొంచెం తేలాలి, అత్తగారి గడ్డం కింద మడత పోవాలి. చేయకపోతే మాత్రం "ఫొటోలు సరిగా రాలేదండీ" అంటారు. ఇన్నేళ్ళలో అది నాకు చేతి అలవాటైపోయింది.

చెయ్యే చేసిందని తప్పించుకోను. నాకు తెలిసే చేశాను. ఎవరో పాపం, గోడ మీద అంత పెద్దగా కనిపిస్తే బాధపడతారు, పిల్ల తెలియక తీసింది, అనుకున్నాను. మేలు చేస్తున్నాననుకున్నాను. మచ్చ మీద గోధుమరంగు పరిచాను, తెల్ల రెప్పలు నల్లగా చేశాను. చాలా శుభ్రంగా వచ్చింది. నేను పిల్లలకు పెట్టిన నియమం ఆ కాసేపు నాకు గుర్తే లేదు.

ప్రదర్శన ఆదివారం ఆరాధన అయ్యాక. ఒక పక్క టేబుళ్ళ మీద బిర్యానీ ట్రేలు, ఇంకో పక్క గోడకు ఫొటోలు. ముందుగా జోయెల్ అనే అబ్బాయి తన సాకర్ ఫొటో దగ్గర నిలబడి చదివాడు. "బాల్ కనిపించాక క్లిక్ చేస్తే లేట్. బాల్ రాకముందే క్లిక్ చేయాలి. ఇది నేర్చుకోవడానికి నాకు రెండు వందల బ్యాడ్ ఫొటోలు పట్టాయి." అందరూ చప్పట్లు కొట్టారు. షారోన్ అనే అమ్మాయి తన తాతయ్య చెవి వెంట్రుకలను క్లోజప్ తీసింది. "ఇవి గడ్డిలా సాఫ్ట్‌గా ఉంటాయి అనుకున్నాను. కాని వైర్‌లా ఉన్నాయి," అని చదివితే, ముందు వరుసలో ఆ తాతయ్య, "ముఖం అంతా వదిలేసి ఇదేనా నీకు దొరికింది," అన్నాడు. గది గదంతా నవ్వింది.

తర్వాత కెజియా. సరిగ్గా అప్పుడే వెనక తలుపులోంచి వాళ్ళమ్మ సునీతగారు, అమ్మమ్మ వచ్చి నిలబడ్డారు. సునీతగారు మా చర్చిలో ఎన్నో ఏళ్ళుగా ఉన్నారు, ఫార్మా కంపెనీలో పని. ఎప్పుడు చూసినా ముఖానికి చక్కగా మేకప్ వేసుకునే మనిషి. ఆ రోజు ఏమీ వేసుకోలేదు. కంటి చివర నుంచి బుగ్గ మీదుగా తెల్లటి మచ్చ. నేను చెరిపేసింది ఆ మచ్చనే.

కెజియా కాగితం విప్పి ముందుగా యాక్షన్ షాట్ గురించి చదివింది. అందులో ఒక ఆవిడ వాష్‌బేసిన్ ముందు వంగి ముఖం మీద నీళ్ళు కొట్టుకుంటోంది. ముఖం చేతుల చాటున ఉంది, నీటి చుక్కలు గాలిలో పూసల్లా ఆగిపోయాయి, గడ్డం కింద గోధుమరంగు ధార.

"షటర్ స్పీడ్ సెకండ్‌లో వెయ్యో వంతు పెట్టాను, వాటర్ ఆగిపోవాలని. బ్రౌన్‌గా కారేది మేకప్. మా అమ్మ చర్చి నుంచి వచ్చాక ఫస్ట్ ఇది చేస్తుంది, తర్వాతే లంచ్. క్లోజప్‌లో ఫోకస్ కంటి పక్కన పెట్టాను. బ్రౌన్ అయిపోయి వైట్ స్టార్ట్ అయ్యే ఎడ్జ్ మీద. నాకు అది మ్యాప్‌లో కోస్ట్‌లైన్ లాగా ఉంటుంది. చాలా రోజులు అమ్మ నో అంది. తర్వాత యెస్ అంది. ఈ రోజు అమ్మ మేకప్ లేకుండా వచ్చింది. థాంక్యూ, అమ్మా."

చదవడం అయ్యాక గానీ తను గోడ వైపు తిరగలేదు. అందరూ మాత్రం చూస్తూనే ఉన్నారు. గోడ మీద ఫొటోలో ఏ అంచూ లేదు. నున్నటి, మచ్చలేని బుగ్గ. తలలు ఫొటో వైపు, తర్వాత వెనక నిలబడ్డ సునీతగారి వైపు తిరిగాయి. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు.

అప్పుడు నేను మైకు అందుకున్నాను.

"చిన్న పొరపాటు జరిగినట్టుంది. కెజియా ఎడిట్ చేసిన ఫైల్ పంపి ఉంటుంది. పర్లేదమ్మా, చాలా బాగుంది."

"నేను ఎడిట్ చేయలేదు అంకుల్. ఒక్కటే పంపాను."

"సరే సరే, తర్వాత చూద్దాం," అని ఇంకో పిల్లవాడిని పిలిచాను.

ఆ క్షణంలో సునీతగారు కూతురి వైపు చూసిన చూపు నేను చూశాను. కోపం కాదది. అంతకంటే చెడ్డది. తర్వాత లైట్లు, స్టాండ్లు కారులో పెడుతుంటే పార్కింగ్‌లో వాళ్ళ కారు కనిపించింది. ఆవిడ సీటు పైనున్న చిన్న అద్దం కిందికి దించి ముఖానికి రంగు వేసుకుంటున్నారు. లోపల మరిచిపోయిన గిన్నె తెచ్చుకోవడానికి మళ్ళీ హాల్లోకి రావాలి, అందుకు. కెజియా వెనక సీట్లో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. వెళ్ళి చెప్పడానికి పది అడుగులు కూడా లేవు. వెళ్ళలేదు. డిక్కీ మూసి కారు స్టార్ట్ చేశాను.

బుధవారం సునీతగారి నుంచి మెసేజ్ వచ్చింది. "అన్నయ్యా, కెజియా ఇక క్లాసుకి రాదు. ఇన్నాళ్ళూ నేర్పినందుకు థ్యాంక్స్." ఆ సాయంత్రమే ల్యాప్‌టాప్ తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను.

తలుపు తీసింది తెనాలి నుంచి ఆరు నెలలకని వచ్చిన అమ్మమ్మ. నన్ను చూసి ఆవిడ ముఖం వెలిగిపోయింది.

"రా నాయనా, నువ్వేగా ఫొటోలాయనవి? ఎంత బాగా వేశావయ్యా మా అమ్మాయిని. ఫోన్‌లో తీసి మావాళ్ళందరికీ పంపించా. ఒకటే స్తోత్రాలు. మా చిన్న వదినైతే ఏం మందు వాడారని ప్రాణం తీస్తోంది."

"అమ్మా, ఊరుకో," అన్నారు వంటింట్లోంచి సునీతగారు.

అప్పటికి గానీ నాకు పూర్తిగా అర్థం కాలేదు. ఇన్నేళ్ళుగా ఆ మచ్చ గురించి బంధువులందరూ ప్రార్థనలు చేస్తున్నారు. నా ఫొటో చూసి తగ్గిపోయిందనుకుని సంబరపడుతున్నారు. ఒక అబద్ధం మైకులో చెప్పాను, ఇంకోటి గోడకు తగిలించాను. ఇప్పుడది సముద్రం దాటి, దేవుడు స్వస్థపరిచాడనే సాక్ష్యమైపోయింది.

కెజియాను కూడా పిలవమన్నాను. తను మెట్ల మీద కూర్చుంది, కిందికి రాలేదు. నేను నిలబడే చెప్పాను. "కెజియా పంపింది ఇది," అని అసలు ఫొటో చూపించాను. "దీన్ని ఇలా చేసింది నేను. మైకులో తప్పు తన మీద పెట్టిందీ నేనే. తను ఏమీ చేయలేదు."

సునీతగారు స్క్రీన్ మీద ఆ అంచును చూస్తూ ఉండిపోయారు. బహుశా అంత పెద్దగా ఆవిడ ఎప్పుడూ చూసుకుని ఉండరు.

"నాకేమనిపించిందో తెలుసా అన్నయ్యా? చివరికి నా కూతురు కూడా నా ముఖం చూడలేకపోతోందా అనిపించింది. మూడు రోజులుగా దీంతో సరిగా మాట్లాడలేదు."

"చెప్పాను కదా అమ్మా," అంది కెజియా మెట్ల మీద నుంచి.

"చెప్పావు. నేనే నమ్మలేదు."

కెజియా నన్ను చూసింది. "అంకుల్, మైక్‌లో నా పేరెందుకు చెప్పారు?"

"భయమేసిందమ్మా."

"నాకు కూడా వేసింది," అంది. కిందికి దిగి వచ్చి తల్లి పక్కన కూర్చుంది. సునీతగారు తన తల మీద చెయ్యి వేశారు.

ఇంతలో అమ్మమ్మ ఫోన్ మోగింది. తెనాలి చిన్న వదిన, వీడియో కాల్. "ఇప్పుడెలాగే? ఆ లైటు తీసెయ్యండి," అని అమ్మమ్మ కంగారుపడింది. సునీతగారు ఫోన్ తీసుకుని ముఖానికి ఎదురుగా పట్టుకున్నారు. ఆ పూట మేకప్ లేదు.

"ఏ మందూ లేదత్తయ్యా. ఇదిగో, ఎక్కడిది అక్కడే ఉంది. ఫొటోలో తగ్గించింది ఈయన," అని కెమెరా నా వైపు తిప్పారు.

అవతలి నుంచి ఆవిడ గొంతు: "అట్టాగా బాబూ. మా పెద్దోడికి సంబంధాలు చూస్తన్నాం. వాడి బట్టతల కూడా ఏమన్నా చూడగలవా?"

ముందు నవ్వింది కెజియా. తర్వాత సునీతగారు, ఆఖరికి అమ్మమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని. నేను సోఫాలో కూలబడి కళ్ళు తుడుచుకున్నాను. ఆ నవ్వులో నాకు శిక్షా ఉంది, విడుదలా ఉంది.

తర్వాతి ఆదివారం అసలు ఫొటోను ప్రింట్ చేయించి అదే గోడకు తగిలించాను. కెజియా మళ్ళీ చదివింది. సునీతగారు పక్కనే నిలబడ్డారు. ఈసారి చప్పట్లకు ఎవరూ తడబడలేదు. మైకులో నేను, "ప్రింట్‌లో పొరపాటు జరిగింది, కెజియా తప్పు లేదు," అని మాత్రం అన్నాను. పిల్ల మీద మాట తొలగింది. నా మీదకు మాత్రం రాలేదు. అందరూ ల్యాబ్ వాళ్ళదే తప్పనుకున్నారు. శ్రమపడి మళ్ళీ వేయించానని నన్ను మెచ్చుకున్నారు కూడా. ఆ మెప్పును నేను కాదనలేదు. ల్యాబ్ వాళ్ళు నేను పంపిన ఫైలునే ఉన్నదున్నట్టు వేశారు. వాళ్ళ తప్పేమీ లేదు. ఇన్నాళ్ళకైనా ఈ ముక్క అచ్చులో ఉండాలని రాస్తున్నాను. రాయడానికి ముందు తల్లీకూతుళ్ళిద్దరినీ అడిగాను. "రాయండి, ఇంకా ల్యాబ్ అనే అంటున్నారు అందరూ," అన్నారు సునీతగారు నవ్వుతూ.

ఇప్పుడు రీటచింగ్‌కు ముందు మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని అడుగుతాను. ఏది తీయాలి, ఏది ఉంచాలి. మొదట్లో జనం ఇబ్బందిపడేవారు, అలాంటివి అడుగుతారా అన్నట్టు చూసేవారు. కానీ అడిగితే జవాబులు నేను ఊహించినట్టు ఉండవు. ఒకావిడ మొటిమలన్నీ తీసేయమని, నుదుటి మీద చిన్నప్పటి కుట్లు మాత్రం ఉంచమంది, అన్నయ్యతో ఆడుతూ పడిందట. మనం దగ్గరికి వెళ్ళడానికి ఒప్పుకున్నవాళ్ళు మార్చడానికి కూడా ఒప్పుకున్నట్టు కాదని పదో తరగతి పిల్ల దగ్గర నేర్చుకున్నాను.

మొన్న సునీతగారు ఆఫీసులో ప్రొఫైల్ ఫొటో కావాలని స్టూడియోకు వచ్చారు. మేకప్ లేదు. తీశాక స్క్రీన్ ముందు కూర్చోబెట్టి, మౌస్ మీంచి చెయ్యి తీసేసి అడిగాను, ఏమైనా తీయాలా అని. ఆవిడ ముఖం దగ్గరగా పెట్టి, ఓ వైపు నుంచి ఇంకో వైపుకు తీరిగ్గా చూసుకున్నారు.

"కళ్ళ కింద నలుపు తీసేయండి అన్నయ్యా," అన్నారు. "అది నాది కాదు, ఆఫీసుది."