మంచం కింద పులి

బస్తర్ సంస్థానం రోజుల్లో భోపాల్‌పట్నం వెళ్లినప్పుడు, వాన పట్టుకుని రెండు రోజులు డాక్ బంగళాలోనే ఉండిపోయాను. నేను ఇంగ్లీషు పంతుల్నని తెలిసి చౌకీదారు లచ్చయ్య మధ్యాహ్నం నా గదికి వచ్చాడు.

“ఎల్లుండి కొత్త దొర వస్తుండు. ఆయన మాట సమజ్ కాకుంటే నా నౌకరి పోతది. జర నేర్పుండ్రి పంతులుగారూ.”

గదిలోని సామానే పాఠమైంది. “పుట్ ది లాంప్ ఆన్ ది టేబుల్” అంటే దీపం తెచ్చి బల్ల మీద పెట్టేవాడు. “అండర్ ది కాట్” అంటే మంచం కిందికి జరిపేవాడు. వస్తువు, పని, చోటు మూడూ గంటలో అతని చేతికి వచ్చేశాయి. ఆ హుషారులో, బళ్లో పిల్లల్ని నవ్వించే వాక్యం ఒకటి చెప్పి అనమన్నాను: “ది టైగర్ ఈజ్ అండర్ ది కాట్.” మంచం కింద పులి ఉంది.

లచ్చయ్య అనలేదు. వంగి మంచం కింద చూశాడు.

“అట్ల అనొద్దు. అడవిల ఉండేటోళ్లం, ఇంట్ల దాని పేరెత్తం. పేరెత్తితే పిలిచినట్టే.”

“ఇంగ్లీషులో కదయ్యా అన్నది!”

“అయితే ఏంది? ఇన్నేండ్ల సంది దొరలు దాని ఎంబడే తిరుగుతుండ్రు. దానికి ఇంగ్లీషు రాకుంటదా?”

నేను నవ్వాను, అతను నవ్వలేదు. పులిని తీసేసి కోడిని పెట్టాను. ఆ వాక్యం తప్పు లేకుండా మూడుసార్లు అన్నాడు.

నెల తర్వాత అదే దారిన తిరిగి వస్తే, బంగళా గేటు తీసింది లచ్చయ్యే.

ఆ తర్వాత ముప్పయ్యేళ్లు పాఠాలు చెప్పాను. మా ఊరి చుట్టుపక్కల పులులు లేవు. అయినా నా తరగతిలో మంచం కింద ఎప్పుడూ కోడే ఉండేది.