రైతు బజార్‌లో దొరకని కాయలు

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద, మా కోచింగ్ సెంటర్ గుమ్మం పైన, నా ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు. "కొత్త పుష్ప జాతిని కనుగొన్న మా బాటనీ ఫ్యాకల్టీకి అభినందనలు" అని. నా ఫొటో పక్కన ఒక పువ్వు. అది నా పువ్వు కాదు. ఇంటర్నెట్‌లో దొరికిన ఏదో ఊదారంగు పువ్వు, నా ముఖమంత ఉంది. నా పువ్వు చిటికెన వేలి గోరంత కూడా ఉండదు. ఆ ఫ్లెక్సీ కింద నుంచి లోపలికి నడుస్తుంటే అరికాలి మంట నెత్తికెక్కింది. పువ్వు తప్పు వేసినందుకు కాదు. ఆ ఫ్లెక్సీ కట్టించింది ఎవరో తెలిసినందుకు.

మొదటి నుంచి చెప్తాను. డాక్టరు సీటు కోసం చదివే పిల్లలకు నేను బాటనీ చెప్తాను. ఎల్బీనగర్‌లో కిరాయికి ఉంటాను. ఒక్క మొక్కనూ చూపించకుండా మొక్కల గురించి సమస్తం చెప్పడం మా సెంటర్లో ఒక విద్య. అది నాకు బాగానే వచ్చు, సిగ్గుపడుతూనే చెప్తున్నాను. చదివిన చదువు చచ్చిపోకుండా ఉండాలని, సెలవు దొరికినప్పుడల్లా ఒక భూతద్దం, మొక్కలు ఒత్తి ఎండబెట్టే పాత పేపర్ల కట్ట సంచిలో వేసుకుని బస్సెక్కుతాను.

రెండేళ్ల కింద దసరా సెలవుల్లో కృష్ణ ఒడ్డున ఉన్న నాపరాళ్ల ఊరికి అలాగే పోయాను. రింగ్‌రోడ్డు దగ్గర బస్సెక్కితే మూడున్నర గంటలు. అక్కడ మట్టి తక్కువ. ఎటు చూసినా సున్నపురాయి పలకలు, దొంతర పెట్టినట్టు ఒకదాని మీద ఒకటి. సిటీలో మనం ఇళ్లలో పరుచుకునేవి, మా కోచింగ్ సెంటర్ మెట్లకు వేసినవి ఆ రకం బండలే. ఆ పలకల సందులో ఒక మొక్క పూసి ఉంది. కాడ బండను కరుచుకుని పాకి, చివర మాత్రం తలెత్తింది. ఆకు వెనక తెల్లటి నూగు. లేత ఊదా పువ్వు, గొంతులో రెండు పసుపు గీతలు. మోకాళ్ల మీద కూర్చుని చూస్తే ఆ గీతలు నాకు తెలిసిన ఏ పుస్తకంలోనూ లేవు.

వేరుతో సహా తీస్తుంటే వెనక నుంచి ఎవరో గదమాయించారు. మేకలు కాసే అవ్వ.

"ఎందుకు పీకుతున్నవ్ బిడ్డా? గది మేకలు గూడ ముట్టయి. శేదు."

"దీన్ని ఇంతవరకు ఎవరూ రాయలేదవ్వా. నేను రాస్తా."

"రాస్తే ఏమొస్తది?" అంది. నవ్వి, తనే మిగతా మొక్కలు చూపించింది. లెక్కపెడితే ఇరవై కూడా లేవు, అన్నీ ఆ ఒక్క బండ మీదే. పోయేటప్పుడు చెప్పింది: "దీపావళి పోయినంక కాయ ఎండుతది. పటుక్కున పగిలి గింజలు ఎటో పోతయి. వారం దినాలు గూడ ఆగదు. గప్పుడు రా."

వస్తానన్నాను. పోలేదు. పువ్వు ఉంది కదా, చాలనుకున్నాను. మొక్కను కొలిచి, గీసి, వర్ణన అంతా రాసి పత్రికకు పంపితే తిరిగొచ్చింది. ఈ పువ్వుకు దగ్గరి చుట్టం ఒకటి ఉంది, రెంటికీ తేడా గింజ మీదే తేలుతుంది, గింజ చూపించకపోతే ఇది కొత్త జాతి అని ఒప్పుకోం అన్నారు. న్యాయమే. తప్పు నాదే. ఏడాది ఆగాను.

మరుసటి ఏడు దీపావళి దాటిన రెండో ఆదివారానికి సెలవు అడిగాను. మా దగ్గర ఆదివారం అంటే టెస్టు. చర్చికి పోయి ఎన్నాళ్లయిందో దేవుడికే తెలియాలి. మిగతా లెక్చరర్లంతా అవసరమైతే జ్వరం తెచ్చుకుంటారు. నేను మాత్రం సత్యహరిశ్చంద్రుడి చెల్లెల్లాగా, "ఒక అరుదైన మొక్క కాయలు సేకరించుటకు" అని చీటీ రాసి డీన్ గారికి ఇచ్చాను.

డీన్ గారిది గుంటూరు వైపు. మాట వెన్నముద్ద. చీటీ చదివి స్టాఫ్ రూమ్ అంతా వినబడేట్టు నవ్వారు. "కాయలే కదండీ మేడం! పక్కనే కొత్తపేట రైతు బజార్ ఉందిగా. దానికి సెలవెందుకండీ?" అని, చీటీ మీద ఎర్ర ఇంకుతో "అనుమతి లేదు, సండే టెస్ట్" అని రాసి, కింద పొడుగ్గా సంతకం పెట్టి తిరిగిచ్చారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇప్పటికీ నా కడుపు మండేది ఆయన జోకుకు కాదు, నా నవ్వుకు.

ఆ ఆదివారం పరీక్ష హాల్లో కాపలా కాశాను. ఒకే చోటికి పరిమితమైన జాతిని ఏమంటారు అని పేపర్లో ఒక ప్రశ్న. ఆ ప్రశ్న తయారుచేసింది నేనే. పిల్లలు చకచకా సరైన గడి నింపేస్తున్నారు. అక్కడ కాయలు పగులుతుంటాయని నాకు తెలుసు. గడియారం చూస్తూ కూర్చున్నాను.

మూడు వారాలు పోయాక నాక్కూడా జ్వరం వచ్చింది. ఫోన్ చేసి దగ్గితే చాలు, "రెస్ట్ తీసుకోండి మేడం" అన్నారు డీన్ గారు. ఇంత సుళువా అని ఏడుపొచ్చింది. బస్సు దిగి పోయేసరికి ఆ బండ లేదు. పై పలకలన్నీ కోసి ఎత్తుకుపోయారు. మోకాలి లోతు గుంట, అందులో తెల్లటి రాతిపొడి, మిషన్ చక్రాల జాడ. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ గుంటలో దిగి సందు సందూ వెతికాను. అవ్వ మేకలు తోలుకుంటూ వచ్చి గట్టు మీద నిలబడింది.

"వస్తనంటివి. దినాం తొవ్వ జూసిన," అంది.

ఏం చెప్పను? రైతు బజార్ సంగతి చెప్పనా?

అవ్వ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. వక్కలు దాచుకునే గుడ్డ సంచి నడుం నుంచి తీసి, నా దోసిట్లో కుమ్మరించింది. పదకొండు ఎండు కాయలు. "మిషనొచ్చిన దినం తెంపిన. సగం ఆ పక్క సందులల్ల చల్లిన. మొలుస్తయో లేదో నాకు తెల్వది. ఇయి నీయి."

గింజ మీద వల అల్లినట్టు గీతలున్నాయి. చుట్టం గింజ నున్నగా ఉంటుంది. అంతే తేడా. ఆ అంత తేడాతో ఈ ఏడు నా వర్ణన అచ్చయింది. కాయలు సేకరించినవారు అన్నచోట అవ్వ పేరు రాశాను.

ఎండబెట్టిన మొక్కను అట్ట మీద కుట్టి దాచేటప్పుడు, రాలే గింజల్ని కాగితం పొట్లంలో మడిచి దాని పక్కనే అతికించడం మా పద్ధతి. మామూలుగా తెల్ల కాగితం వాడతాం. నేను బీరువా అంతా వెతికి ఆ సెలవు చీటీ తీశాను. ఎర్ర ఇంకు లోపలికి వచ్చేట్టు మడిచి, గింజలు పోసి అతికించాను. ఎండు మొక్కల భాండాగారంలో ఆ అట్టలు మనుషులకంటే ఎక్కువ కాలం ఉంటాయి. ఎప్పుడు ఎవరు ఆ గింజలు చూడాలన్నా ముందు ఆ సంతకం చూడాల్సిందే.

ఫ్లెక్సీ కట్టిన రోజు డీన్ గారు గదికి పిలిచి స్వీట్ బాక్స్ ఇచ్చారు. "మేము ఇంతగా ప్రోత్సహించాం, ఎక్కడైనా మా గురించి రాశారా మేడం?"

"మీ సంతకమే ఉంది సార్, మొక్క పక్కనే."

ఆయన ముఖం వెలిగిపోయింది. "అవునా! ఫొటో ఉంటే పంపండి, దాన్నీ ఫ్లెక్సీలో వేయిద్దాం."

అట్టను భద్రపరచడానికి పంపేముందు పొట్లం విప్పి తీసిన ఫొటో నా ఫోన్లో ఉంది. అక్కడే, ఆయన ఎదురుగా నిలబడి పంపాను.

మర్నాడు పొద్దున వచ్చేసరికి ఫ్లెక్సీ లేదు. మెట్ల మీద నాపరాళ్లు మాత్రం కడిగి నున్నగా మెరుస్తున్నాయి. వాటి మీద కాలు పెట్టే క్లాసుకు పోయాను.