ఇల్లు వెచ్చగా ఉందా అని అడిగిన చాచా

చాచా పోయారని వాళ్లమ్మాయి గురువారం పొద్దున ఫోన్ చేసింది. నేను ట్రామ్‌లో ఉన్నాను. "నాన్న నీ గురించి ఎప్పుడూ మంచిగానే చెప్పేవారు, అందుకే నీకు చెబుతున్నా" అంది జర్మన్‌లో. ఆ మాట విన్నాక దిగాల్సిన స్టాప్ దాటిపోయినా తెలియలేదు. ఆయన గురించి ఈ నాలుగు మాటలు రాసే అర్హత నాకు లేదు. అయినా రాస్తున్నాను. ఆయన గురించి ఇంతకుముందు నేను ఒకే ఒకసారి రాశాను. అది అబద్ధం.

ఆయన నాకు చుట్టం కాదు. డ్రెస్డెన్‌లో మా ఆఫీసుకి ఇంటింటి సర్వే చేసే పెద్దమనిషి. తూర్పు జర్మనీ అనే దేశం ఇంకా ఉన్న రోజుల్లో హైదరాబాద్ పాతబస్తీ నుంచి చదువుకోడానికి వచ్చి, ఇక్కడి అమ్మాయినే పెళ్లి చేసుకొని, ఫ్యాక్టరీలో చేరారు. బెర్లిన్ గోడ కూలాక ఆ ఫ్యాక్టరీ మూతపడింది. తర్వాత దొరికిన పనల్లా చేసి, రిటైరయ్యాక మా దగ్గరికి వచ్చారు. యూరప్ దేశాల్లో జనం ఎలా బతుకుతున్నారో అన్నిచోట్లా ఒకే ప్రశ్నలు అడిగి, జవాబుల్ని పక్కపక్కన పెట్టి పోల్చడం మా పని. ఆయన ఇళ్లకెళ్లి అడిగేవారు. నేను స్క్రీన్ ముందు కూర్చొని తనిఖీ చేసేదాన్ని. మాది వరంగల్ అని తెలిసిన రోజు "అయితే మనోళ్లే!" అని ఆయన అరిచిన అరుపుకి ఆఫీసంతా తలెత్తి చూసింది. అప్పట్నుంచి నేను బేటీని. మాట్లాడక మాట్లాడక తెలుగుకి నోరు తిరగడం లేదని ఆయనే నవ్వేవారు.

ఆయన సంచిలో ఎప్పుడూ జీలకర్ర బిస్కెట్ల డబ్బా ఉండేది. ఎవరింటికి వెళ్లినా చేతి గడియారం విప్పి జేబులో వేసుకునేవారు. మిగతావాళ్లు రెండిళ్లు పూర్తిచేసే సమయంలో ఆయనది ఒక్కటే అయ్యేది.

మా ప్రశ్నల్లో ఒకటి, "మీ ఇంటిని తగినంత వెచ్చగా ఉంచుకోగలుగుతున్నారా?" అని. ఏ దేశంలోనైనా ఒకేసారి చదవాలి, మొదటి జవాబే రాయాలి. చాచా ఫారాల్లో మాత్రం 'అవును' అని ఉన్నది తర్వాత 'లేదు' అయ్యేది. ఒకరోజు అడిగాను.

"మొదలు అందరూ అవుననే అంటరు బేటీ. కానీ నన్ను కోటు ఇప్పమనరు. స్వెట్టర్ మీద స్వెట్టర్ ఏసుకొని వాళ్లు కూడా అట్లనే కూసుంటరు. లేదని చెప్పనీకి శరం. జర సేపు కూసుంటే అప్పుడు చెప్తరు."

"రూల్ ప్రకారం మొదటి జవాబే రాయాలి కదా చాచా."

"మొదటి జవాబు నాకు చెప్పింది కాదు. పక్కింటోళ్లు ఇంటరేమో అని చెప్పింది."

ఆ ఏడాది ఆయన తిరిగిన వీధుల్లో 'లేదు'లు మరీ ఎక్కువయ్యాయని కంప్యూటర్ పట్టుకుంది. మా మేనేజర్ నన్ను పిలిచి, "ఆయనది మీ ఊరివైపే కదా, మీకు బాగా తెలుసా?" అని మామూలుగానే అడిగాడు. నా కాంట్రాక్ట్ పొడిగించే నెల అది. మనవాడని వెనకేసుకొస్తున్నాను అనుకుంటారని భయపడ్డాను. "పెద్దగా తెలియదు" అన్నాను. ఆయన మీద నేనివ్వాల్సిన రిపోర్టులో రెండు గళ్లున్నాయి. 'నియమం పాటించలేదు' అని గుర్తు పెడితే మళ్లీ శిక్షణ ఇస్తారు. 'జవాబులు కల్పించినట్టు అనుమానం' అని పెడితే తీసేస్తారు. ఆయన నియమం తప్పారన్నది నిజం. ఒక్క జవాబూ కల్పించలేదన్నదీ నిజమే. రెండూ తెలిసి, నేను రెండో గడిలో గుర్తు పెట్టాను.

ఆయన్ని తీసేశారు. ఆయన అడిగొచ్చిన ఇళ్లన్నీ లెక్కలోంచి పోయాయి. దేశాలన్నీ కూర్చున్న సభలో మా పట్టిక శుభ్రంగా, ఏ వంకా లేకుండా తెర మీద కనిపించింది. వేరే దేశం నుంచి వచ్చినావిడ లేచి, "మీ దగ్గర చలిగా ఉంటే చలిగా ఉందని చెబుతారా?" అని అడిగింది. "ప్రశ్న అన్నిచోట్లా ఒకటేనండీ, కాబట్టి జవాబుల్ని పోల్చవచ్చు" అన్నాను. చప్పట్లు కొట్టారు. నా కాంట్రాక్ట్ కూడా పొడిగించారు.

కొన్నాళ్లకు కూరగాయల కొట్టు దగ్గర చాచా కనిపించారు. పక్కకి తప్పుకుందామనుకునేలోపే "బేటీ!" అని పిలిచారు.

"నా జవాబులు మిషన్ ఒప్పుకోలేదంట కదా. మీరు మాత్రం ఏం జేస్తరు!"

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం రాదు. "అవును చాచా, సిస్టమ్ అలా ఉంది" అన్నాను. నన్నే ఓదారుస్తున్నట్టు భుజం తట్టారు. ఆ రంజాన్‌కి ఇంటికి పిలిచారు. వెళ్లాను. షీర్ ఖుర్మా రెండోసారి వడ్డిస్తే వద్దనకుండా తిన్నాను. ఆ తర్వాత ఎప్పుడు పిలిచినా అపాయింట్‌మెంట్ ఉందనో, తలనొప్పి అనో తప్పించుకున్నాను.

శనివారం ఖననం. అంతా అయ్యాక శ్మశానం గేటు దగ్గర వాళ్లమ్మాయిని ఆపి, చేసింది మొత్తం చెప్పాను. కడదాకా విన్నది. అప్పటిదాకా నన్ను నువ్వు అనే మనిషి, "ఇది మీరు ఆయనకి చెప్పాల్సింది" అని వెళ్లిపోయింది. అందులో కోపం లేదు. ఉంటే కొంచెం తేలికపడేదాన్నేమో.

అందరూ వెళ్లాక నేనూ కదులుతుంటే, చక్రాల నడకబండి తోసుకుంటూ ఒక ముసలి జర్మన్ ఆవిడ వచ్చింది. బండి కంకరలో దిగబడింది. "ఇవాళ పూడ్చిన ఆయన ఎక్కడ?" అంది. "మా ఇంటికి ప్రశ్నలడగడానికి వచ్చారు ఒకసారి. పోయారని పేపర్లో చూశాను."

వీధి ఏదని నేను అడగలేదు. బండి ముందు చక్రాలు ఎత్తి పట్టుకున్నాను. ఇద్దరం మెల్లగా నడిచాం. దారిలో ఆవిడ రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకుంది. దగ్గరికి వెళ్లాక బండికి బ్రేకు వేసి, దాని సీటు మీద కూర్చొని, ఆ తడి మట్టికేసి చూస్తూ ఉండిపోయింది. ఎంతసేపైనా లేవలేదు. నేను పక్కన నిలబడే ఉన్నాను.