తెల్ల రక్తం వచ్చిందేట్రా?

మా పక్కింటి అత్త పోయింది. ఆవేళ పొద్దున్నే పాలవాడు ఆ మాట చెబితే నేను నమ్మలేదు. దయాల్‌బంద్‌లో మా వీధికి అబద్ధాలు చెప్పే డ్యూటీ నాది. ఆస్పత్రికి పరుగెత్తాను. వాడు నిజమే చెప్పాడు.

ఆవిడతో మాకు చుట్టరికం లేదు. భర్త రైలింజను డ్రైవరు, ఎప్పుడో పోయాడు. పిల్లలు లేరు. వీధందరికీ ఆవకాయ పంచేది. ఇవాళ ఆవిడ సంతాపానికి వచ్చిన మీలో తినని వాళ్లుంటే చెయ్యెత్తండి. బదులుగా మనం ఏదైనా ఇవ్వబోతే మాత్రం తలుపు వేసేసేది. "తీసుకున్నోళ్లు తలొంచాలి. నా మెడ వంగదురా" అనేది.

ఎనభైల్లో ఒకసారి కడుపులో గడ్డ అన్నారు. ఆపరేషన్‌కి రక్తం ఎక్కించాలన్నారు. ఆవిడ ససేమిరా అంది. అంతకుముందెప్పుడో జపాన్‌లో మందులతో రక్తం తయారుచేశారనీ, పాలలా తెల్లగా ఉంటుందనీ పేపర్లో చదివి చెప్పింది నేనే. అది పట్టుకుంది.

"అదైతే ఎక్కించుకుంటాను. ఫ్యాక్టరీ సరుకు. ఎవుడికీ తలొంచక్కర్లేదు."

అది ఇక్కడ దొరకదు, దొరికినా ఊపిరిగాలిని మొయ్యడం వరకే, రక్తం చేసే మిగతా పనులు చెయ్యదు అన్నాడు డాక్టరు. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. ఆలస్యమైతే మనిషి దక్కదని డాక్టరు నాతో బయట అన్నాడు.

నా గ్రూపు కలిసింది. ఇచ్చేసి, చొక్కా చేతులు కిందికి దించుకుని, సీసా పట్టుకున్న నర్సు వెనకే వెళ్లాను.

"అత్తా, వచ్చేసింది! మన ఊరి పక్కనే, సిర్గిట్టిలో ఫ్యాక్టరీ పెట్టారు. తాజా సరుకు."

"తెల్లగుంటాదన్నావు?"

"నువ్వు జడుసుకుంటావని రంగు కలిపారు."

"అచ్ఛా! ఆ కలిపినోడి చెయ్యి చూపించు."

తనే నా చొక్కా చెయ్యి పైకి లాగింది. మోచేతి మడతలో దూది. చాలాసేపు దాన్నే చూసింది. తన చెయ్యి నర్సు వైపు చాపింది.

ఇంటికొచ్చి కోలుకున్నాక ఖాళీ స్టీలు గ్లాసుతో మా తలుపు తట్టింది.

"పంచదారుందేట్రా? రక్తమే తీసుకున్నాను, ఇంక దీనికి సిగ్గేటి?"

వీధి మొత్తంలో ఆ గ్లాసు మా ఒక్క ఇంటికే వచ్చేది. ఒకసారి ఉప్పు పోసిచ్చాను. దాంతోనే టీ కాచి, నన్ను పిలిచి తాగించింది. "నీ రక్తం ఎక్కాక నీ బుద్ధులే వచ్చాయిరా" అంది.

ఇన్నేళ్లకి మొన్న మళ్లీ ఆస్పత్రిలో చేరింది. ఈసారి జబ్బు వేరు. మళ్లీ రక్తం కావాలన్నారు.

"తెల్లది వచ్చిందేట్రా?" అంది మంచం మీంచి.

"ఇంకా లేదత్తా."

"మరైతే నీదే ఇయ్యి."

అంత సులువుగా అడిగింది. ఇచ్చాను. చాల్లేదు.

ఆస్పత్రికి వెళ్లేరోజు ఆ గ్లాసు మా కిటికీలో పెట్టి, "నింపి ఉంచు, వచ్చి పట్టుకెళ్తాను" అంది. నింపాను. పంచదారే. చీమలు పట్టకుండా మా ఆవిడ దాన్ని నీళ్ల పళ్లెంలో నిలబెట్టింది. నీళ్లు ఎండినప్పుడల్లా నేనే పోస్తున్నాను.