దూదేకుల నరంతోని కరెంటు గిటారు

ముందుగాల చదివేటోళ్లందరికి దండం. నాకు రాసుడు సక్కగ రాదు. సదివింది నాలుగో తరగతి దాక, అది గూడ సగం ఉర్దూల. మొదలు అలీఫ్, బే అన్నరు. అది జర నోటికొచ్చేటాళ్లకు రాజ్యం మారింది, ఇగ తెలుగుల అ ఆ దిద్దుమన్నరు. రెండిట్ల ఏదీ పూర్తిగ అంటలే. వత్తు ఏడ పెట్టాలె, దీర్ఘం ఏడ తియ్యాలె అని ఇప్పటికీ అనుమానమే. నా రాత చూసి నవ్వొస్తె నవ్వుండ్రి, ఏమనుకోను. ముచ్చట మాత్రం నడుమ ఇడువకుండ్రి.

ఇది మందమర్రిల నేను కరెంటు గిటారు చేసిన ముచ్చట. అప్పుడు నాకు ఇరవై దాటినయ్. బొగ్గుబాయి మీద టింబర్ పని నాది, అంటె లోపల కప్పు కూలకుండ కట్టె దిమ్మెలు కోసి నిలవెట్టేది. రంపం, బాడిస తప్ప ఏమీ తెల్వది. గిటారు వాయించుడు అసలే రాదు. మరి ఎందుకు చేసినవ్ అంటె, మా బాపు కోసం.

మా బాపు గూడ బాయిలనే తట్టా చెమ్మసు పట్టిండు, అంటె బొగ్గు ఎత్తి పోసే పని. ఒకసారి మందు పెట్టి బొగ్గు పేల్చేకాడ, ఆయన ఎనుకకు జరగకముందే పేలింది. చెవులకెల్లి నెత్తురొచ్చింది. మానింది అనుకున్నం. పోను పోను చెవులు మూసుకపొయినయ్. అంతకు ముందు మా గుళ్లె, అంటె చర్చిల, కీర్తన ఎత్తుకునేది బాపే. తంబూర మీటుకుంట ఎత్తుకుంటె ఎనుక కూసున్న ముసలోళ్లు గూడ లేచి నిలవడేది. చెవులు పొయినంక తన తంబూర తనకే ఇనవడలే. దాన్ని గోడకు మేకుకు తగిలిచ్చిండు. ఇంట్ల రేడియో కొన్నది గూడ ఆయనే, దాని మీద గుడ్డ కప్పిండు. కొన్నొద్దులకు గుడికి వచ్చుడు గూడ బంజేసిండు.

అవ్వ, అంటె మా అమ్మ, బతిలాడితె ఒకటే మాట అనేటోడు. "చెవులు లేనోనికి గుడి ఏంటికి? మీరు పోయి రాండ్రి."

ఎండకాలంల హైదరాబాద్ కెల్లి పాడేటోళ్లు కొందరు మా కూడికలకు వచ్చిండ్రు. అవ్వ గా ఒక్కనాడు బాపును చెయ్యి వట్టి గుంజుకొచ్చింది. వాళ్లల్ల ఒకాయన తాన పల్సటి గిటారు ఉండె. దానికి కడుపు లేదు, బొక్క లేదు, ఉత్త చెక్క. తోకకు ఒక వైరు, ఆ వైరు పోయి ఒక డబ్బల కలిసింది. ఆయన మీటంగనే ఆ డబ్బ బొంయ్యిమన్నది. రేకులు అదిరినయ్. అప్పుడు మా బాపు తలకాయ తిప్పిండు, డబ్బ దిక్కు.

నేను ఎనుక కూసున్న. ఇనవడి తిప్పిండో, ముంగటోళ్లందరు అటు చూస్తె తనూ చూసిండో, నాకు సమజ్ కాలే. గంతే చూసిన. గని ఆ నాత్రి నిద్ర పట్టలే. ఇనవడితె? క్రిస్మస్ నాటికన్న బాపు మల్ల గుడికి వస్తడు గదా అనుకున్న.

తెల్లారి ఆ గిటారాయన తానికి పోయి ఎట్ల చేస్తరు అని అడిగిన. ఆయన మంచోడే, గని మస్తు జల్ది మాట్లాడిండు. తీగెల కింద సూదంటురాయి ఉంటదట, దాని సుట్టు ఎంట్రుకంత సన్న రాగి తీగె సుట్టాలెనట, పైన తీగె ఊగితె ఆ ఊగుడే రేడియోలకు పోయి పల్కుతదట. నాకు ఒక్కటి అర్థమైతె ఒట్టు. అన్నిటికి తల ఊపిన. గిటారును నా తువ్వాల మీద పండవెట్టి బొగ్గు ముక్కతోని సుట్టూత గీత గీసుకున్న. మెడ మీద అడ్డం పుల్లలు ఏడేడ ఉన్నయో గవ్వి గూడ గీసుకున్న. సంబురంగ ఇంటికి తెచ్చిన. మొదటి షిఫ్టుకు పోయొచ్చేటాళ్లకు అవ్వ తువ్వాల ఉతికి ఆరేసింది.

"బొగ్గు మరకలు, ఎంత రుద్దినా పోతలెవ్వు కొడుకా" అన్నది. మా బొగ్గు మరకలు ఎన్నడు పోవు, గవ్వి మాత్రం సగం పొయినయ్.

చెన్నూరు దిక్కు మా పాత ఇంటి టేకు తలుపు ఒకటి ఉండె. దాన్ని కోసి ఒళ్లు చేసిన. మంచం పట్టె చెక్కి మెడ చేసిన. సైకిలు పుల్లలు తునకలు చేసి మెడ మీద అడ్డం పొదిగిన. అవి ఏడేడ పొదగాలెనో తువ్వాల సగమే చెప్పింది. మిగిలినయి ఏం చెయ్యాలె? మా గుళ్లె హార్మోనియం వాయించే మాస్టరును బతిలాడిన. ఆయన ఒక మెట్టు నొక్కేటోడు, నేను ఒక దారం కట్టుకొని పుల్లను అటు ఇటు జరిపేటోన్ని. "ఆ, గాడనే" అంటె గాడ గాటు పెట్టిన. కొన్నిసార్లు ఆయన ఆ అన్నది నాకా, చాయ తెచ్చినోనికా తెల్వక గూడ గాటు పెట్టిన.

ఇగ పాలిష్. లక్కను స్పిరిట్ల నానవెట్టి గుడ్డతోని పూసి వాకిట్ల పెట్టిన. తలుపు ఎర్రగ నిగనిగలాడుతదనుకున్న. ఆరేలోపల గాలొచ్చింది, బాయి మీది బొగ్గుపొడి అంత వచ్చి తడి మీద కూసున్నది. గీకి మల్ల పూసిన, మల్ల కూసున్నది. ఆఖరికి పిల్లి నాలుక లెక్క గరుకుగ, వాన మబ్బు రంగుల అయింది. చూసినోళ్లు రంగు మంచిగ కలిపినవ్ అన్నరు. నేను తల ఊపిన.

అసలు పరేషాన్ తీగెల కాడ వచ్చింది.

అందరు దాన్ని కరెంటు గిటారు అన్నరు. నేను గట్లనే అన్న. బాయిల మాకు మొదటి దినం చెప్పేది ఏంది? ఇనుము పట్టుకొని కరెంటు జోలికి పోవద్దు అని. మరి రేడియోకు కరెంటు, రేడియో కెల్లి గిటారుకు వైరు, గిటారు మీద ఇనుప తీగెలు, తీగెల మీద నా ఏళ్లు. పాట మొదలు కాకముందే నా పని అయిపోతది గదా. ఆ హైదరాబాదాయన ఎట్ల బతికిండో నాకు ఎంత ఆలోచించినా సమజ్ కాలే. పట్నపోళ్లకు ఏదో మంత్రం ఉంటదనుకున్న. పక్కింటి వదినె అవ్వతోని అన్నదట, మీ పెనిమిటికి బాయిల చెవులే పొయినయ్, మీ కొడుకు ఇంట్లనే కరెంటు పెట్టుకొని సచ్చేటట్టున్నడు అని.

అప్పుడు నాకు దూదేకులాయన యాదికొచ్చిండు. బజార్ల పరుపులు ఏకుతడు. ఆయన విల్లుకు కట్టేది మేక నరం, దాన్ని తాంతు అంటరు. కొడితె టుంగ్ టుంగ్ అని మోగుతది. నరంల కరెంటు పారదు. అంత తెలివి నాకొక్కనికే వచ్చిందని మస్తు కుషీ అయిన.

తాంతు అడిగితె ఆయన నన్ను కిందికి మీదికి చూసిండు.

"పరుపు కుట్టిచ్చుకుంటున్నవా బేటా? పిల్ల ఎక్కడిది?"

పెండ్లి కాదు చాచా, గిటారు అన్న. దూది లేకుంట విల్లు చేసేటోన్ని నిన్నే చూస్తున్న అనుకుంట, భైంసా కెల్లి తెప్పిచ్చిన మంచి తాంతు నాలుగు తీగెలకు సరిపోను ఇచ్చిండు. సన్నది ఒకటి, రెండు పేటలు పేనింది ఒకటి, అట్ల.

రేడియో రిపేరు చేసేటాయన పాత స్పీకర్ల కెల్లి సూదంటురాయి తీసి, కాలిపొయిన ఫంక సన్న తీగె దాని సుట్టు సుట్టిచ్చి ఇచ్చిండు. మా రేడియోకు ఎనుక గ్రామఫోన్ పెట్టె వైరుకు రెండు బెజ్జాలుంటయ్, వాటిల్ల పెట్టుమన్నడు. పెట్టిన. గుర్ర్ అన్నది. పానం లేచొచ్చింది. బాపును తీస్కొచ్చి రేడియో ముంగట పీట మీద కూసోవెట్టిన. తాంతు మీటిన.

గుర్ర్. గంతే.

గట్టిగ మీటిన. గిటారు చెక్క మీద టుంగుమన్నది, రేడియోల గుర్ర్ తప్ప ఏం లేదు. వైరు తిప్పి పెట్టిన. ఇటుది అటు, అటుది ఇటు. బాపు నా దిక్కు చూస్తుండు, నేను రేడియో దిక్కు చూస్తున్న. కొద్దిసేపటికి ఆయన నా భుజం తట్టి లేచి పోయిండు. అది ఓదార్చుడో, ఇగ సాలు అనుడో తెల్వలే.

రిపేరాయన వచ్చి చూసిండు. వైరు మంచిగున్నది, రాయి మంచిగున్నది, రేడియో మంచిగున్నది. "అన్ని మంచిగనే ఉన్నయ్ తమ్మీ, మరి ఎందుకు పల్కుతలేదో" అని ఆయన గూడ నెత్తి గోక్కున్నడు. నేను తాంతు కట్టినందుకు నవ్వలే ఆయన, మంచి ఆలోచన అన్నడు. ఆయనకు గూడ షాకు భయమే ఉండె. దినాలు పోతున్నయ్. గుళ్లె క్రిస్మస్ పాటలు నేర్చుకునుడు షురు అయింది. బాపు మాత్రం ఎప్పటిలెక్క వాకిట్ల కూసుంటుండు.

ఒకనాడు పొద్దుగాల గిటారు పీట మీద పెట్టి, రేడియో పెట్టి, ఊకె చూసుకుంట కూసున్న. అవ్వ చాయ ఇయ్యనీకి వంగింది. మా అవ్వ మెడల గొలుసుకు ఎప్పుడు పిన్నీసులు ఉంటయ్, ముల్లు గుచ్చుకుంటె తీసెటందుకు. వంగంగనే ఒక పిన్నీసు ఊడి టక్కున ఎగిరి ఆ రాయికి అతుక్కున్నది. రేడియో ధబ్ అన్నది.

అవ్వ చాయ సగం నా మీద వోసింది. మల్ల పిన్నీసు గుంజింది, రేడియో మల్ల ధబ్ అన్నది. ఇద్దరం ఒకల మొఖం ఒకలం చూసుకున్నం.

"ఇది ఏం రాయిరా?"

"సూదంటురాయి."

"మరి సూదిని అంటుతది గని, మేక నరాన్ని ఏం అంటుతది కొడుకా? నరమంటురాయి అన్నరా దీన్ని?"

నేను ఆ పేరు చిన్నప్పటి సంది అంటున్న. ఆ పేరుల సూది ఉన్నదని నాకు గా దినం దాక తెల్వది.

బాపు గడపల నిలవడి ఇదంత చూస్తుండు. ఏం ఇనవడలే ఆయనకు, పిన్నీసు ఎగురుడు చూసిండు. లోపలికి పోయిండు. మేకు కెల్లి తంబూర దించి తెచ్చి, దుమ్ము తుడిచి, ఒక్కొక్క బిరడ తిప్పి తీగెలు ఊడదీసి నా ఒళ్లె పెట్టిండు. నేను వద్దు వద్దు అని చెయ్యి ఊపిన. ఆయన నా దిక్కు చూడలే.

తీగెలు కట్టిన. ఇగ షాకు భయం మల్ల మొదటికొచ్చింది. అవ్వ నన్ను ముట్టనియ్యలే. ఆఖరికి బాయి గంబూట్లు తొడుక్కొని, చెక్క మీద నిలవడి, ముందుగాల కట్టె చెంచతోని మీటిన. ఏం కాలే. ఏలుతోని మీటిన. ఏం కాలే. అంటె షాకు కాలే, సప్పుడు అయింది. బొంయ్య్ అని, ఇంటి రేకులు అదిరినయ్. మూడు తీగెలు పల్కినయ్. నాలుగోది మూగది, ఎంత కొట్టినా పల్కలే. అది పిత్తడిదట, పిత్తడిని గూడ ఆ రాయి అంటుకోదట. అది మాకు చానా దినాలకు తెలిసింది. అప్పుడైతె ఆ తీగెల కరెంటు అయిపోయిందేమో అనుకున్న.

బాపు పీట దగ్గరికి జరుపుకొని రేడియో మీది గుడ్డ తీసిండు. దాని మీద అరచెయ్యి పెట్టిండు. నేను మీటిన. ఆయన కండ్లు మూసుకున్నడు. మల్ల మీటిన. ఇనవడ్డదా అని అవ్వ సైగ చేసింది. ఆయన సూడలే. కొంచెం సేపటికి నోరు తెరిచిండు.

"నడిమి తీగె దిగింది. జర ఎక్కియ్."

అవ్వ చెంగు నోట్లె పెట్టుకున్నది. నేను బిరడ తిప్పిన, ఆయన చెయ్యి లేపి బస్ అనేదాక తిప్పిన. అది నిజంగ దిగిందో లేదో నాకు తెల్వదు. నా చెవులు మంచియే, గని నాకు సుర్తి ఎన్నడు తెల్వది.

క్రిస్మస్ నాడు రేడియోను సైకిలు మీద కట్టుకొని గుడికి తెచ్చిన. బాపు ఎనుక నడుసుకుంట వచ్చిండు, నడుమ ఎక్కడన్న మర్లిపోతడేమోనని అవ్వ ఆయన ఎనుక నడిచింది. ఆయన పోయి ముంగటి చాప మీద, రేడియోకు అతుక్కొని కూసున్నడు. నేను గంబూట్లు తొడుక్కొని నిలవడ్డ. పిల్లలు నవ్విండ్రు.

మాస్టరు హార్మోనియం మెట్టు నొక్కి, నీ నడిమి తీగె ఎక్కువైంది, దించు అన్నడు. నేను బిరడ మీద చెయ్యి పెట్టంగనే బాపు నా చెయ్యి పట్టుకున్నడు. చెవిటోళ్లకు తమ గొంతు ఎంత పెద్దగుంటదో తెల్వదు గదా, గుడి అంత ఇనవడేటట్టు అన్నడు.

"తీగె మంచిగున్నది మాస్టరూ. నీ పెట్టెనే దిగింది."

గుడంత నవ్వింది. ప్రార్థన చేసే అయ్యగారు గూడ నవ్విండు. మాస్టరు మొఖం ఎర్రగయింది. నేను ఎవరి మాట ఇనాలె? చెవులున్నాయన దించుమంటుండు, చెవులు లేనాయన వద్దంటుండు. బిరడ మీద చెయ్యి పెట్టుకొని అట్లనే నిలవడ్డ. అంతల బాపే కీర్తన ఎత్తుకున్నడు, ఎవరు అడగకముందే. నేను నాకొచ్చిన మూడు తీగెలు కొట్టుకుంట పోయిన. సగం మంది బాపు ఎనుక పాడిండ్రు, సగం మంది హార్మోనియం ఎనుక పాడిండ్రు. రెండు గుళ్లు ఒక్క కప్పు కింద పాడినట్టు ఉండె. అది పాటో, కొట్లాటో నాకైతె తెల్వలే. ముసలోళ్లు మాత్రం లేచి నిలవడ్డరు.

ఇంటికొచ్చినంక బాపును చెవికాడ మొత్తుకొని అడిగిన, నీకు చెవులకు ఇనవడ్డదా, చెయ్యికి తెలిసిందా అని. ఆయన నా నోటి దిక్కు చూసి, అడిగింది సమజ్ అయిందో కాలేదో, "నువ్వు ముందు ఆ బూట్లు ఇడిచి వాయించుడు నేర్చుకో" అన్నడు. ఆ ముచ్చట తరువాత ఎన్నడు చెప్పలే. వచ్చే ఆదివారం నేను ముఖం కడుక్కునేటాళ్లకు ఆయన రుమాలు సుట్టుకొని, రేడియో సైకిలుకు కట్టి వాకిట్ల నిలవడి ఉన్నడు.

నాకు తెలిసింది గింతే. దీంట్ల అచ్చరాలు సుర్తి తప్పి ఉంటయ్, ఒకటి ఎక్కి ఒకటి దిగి ఉంటయ్. నాకు ఎట్లాగు తెల్వదు. మా బాపు లెక్క మీకు తెలిస్తె, గాడ మీరే జర సవరిచ్చుకొని చదువుకోండ్రి. నా తప్పులు మనసుల పెట్టుకోకుండ మాఫ్ చెయ్యుండ్రి.