లలిత వాళ్ళది ఎర్ర ఆదివారం

మా చిన్నప్పుడు మా ఇంట్లో ఆదివారం ఒక్కో నెల ఒక్కో రోజు వచ్చేది...

నిజమండీ! నాన్న విశాఖ పోర్టులో క్రేన్ నడిపేవారు. షిఫ్టు డ్యూటీలు. వారానికి ఒక్క రోజు ఆఫ్. ఆ ఆఫ్ ఈ నెల మంగళవారమైతే పై నెల బుధవారం, ఆ పై నెల గురువారం... అలా జరుగుతూ పోయేది. నాన్న ఇంట్లో ఉండే రోజుకి అమ్మ పెట్టిన పేరు ఆదివారం. "ఈ నెల మనకి ఆదోరం బుదోరం నాడొచ్చింది" అనేది, అదేదో పంచాంగంలో రాసి ఉన్నట్టు. ఆ రోజే తలంట్లు, ఆ రోజే చేపల పులుసు.

ఒకటో తరగతిలో మాస్టారు "ఈ రోజు ఏ వారమర్రా?" అని అడిగితే అందరికంటే ముందు లేచి "ఆదివారం!" అని అరిచాను. పొద్దున్నే కుంకుడు రసంతో తలంటు పోయించుకుని వచ్చానాయె! "ఆదివారమైతే బడికెందుకొచ్చావే?" అన్నారు మాస్టారు. క్లాసంతా ఒకటే నవ్వు. పక్కింటి లలిత అయితే బల్ల మీద కొట్టి మరీ నవ్వింది.

ఆ లలితంటే నాకు ఎంత కుళ్ళో! వాళ్ళ నాన్న ఏదో ఆఫీసులో గుమాస్తా. వాళ్ళది క్యాలెండర్లో ఎర్రగా అచ్చయిన ఆదివారం. ఆ సాయంత్రం ముఖానికి పౌడరు, రెండు జడలకీ కనకాంబరాలు, వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుని మా గుమ్మం ముందు నుంచే బీచ్‌కి వెళ్ళేది. పైగా ఆగి "మీ నాన్న రారేటి?" అని అడిగేది.

ఎలా వస్తారు? నాన్నకి ఆఫ్ ఉన్న రోజు నాకు బడి. నాకు సెలవున్న రోజు నాన్నకి డ్యూటీ. లేకపోతే నైటు చేసొచ్చి నిద్ర. "గోల సెయ్యకే, నాన్న తొంగున్నారు" అని అమ్మ గదమాయిస్తుంటే, కిటికీ ఊచలు పట్టుకుని లలిత జడల వైపు చూస్తూ కళ్ళల్లో నిప్పులు పోసుకునేదాన్ని. ఒక్కసారి... ఒక్క ఆదివారం నాన్న చెయ్యి పట్టుకుని అది చూస్తుండగా బీచ్‌లో నడవాలి. అంతకు మించి ఏ కోరికా లేదు నాకు.

ఎనభై ఒకటో సంవత్సరం జనవరిలో నాన్న ఆఫ్ శనివారానికి వచ్చింది. అంటే పై నెల? అసలు సిసలు ఆదివారం! ఆగుతానా... పరుగున వెళ్ళి లలితకి చెప్పేశాను. "మేం కూడా బీచ్‌కొత్తాం. సూత్తా ఉండు!" అన్నాను. మూతి మూడు వంకర్లు తిప్పింది.

ఆ ఫిబ్రవరి పేజీ ఎంత ముద్దుగా ఉందో! ఒకటో తారీఖు ఆదివారంతో మొదలై, ఒక్క గడీ కూడా ఖాళీ లేకుండా శనివారంతో అయిపోయింది. కానీ ఏం లాభం? మొదటి ఆదివారం ఏదో ఓడ వచ్చిందని నాన్నని ఆఫ్ రోజున కూడా పిలిచేశారు. రెండో ఆదివారం పెందుర్తి నుంచి మేనత్త వచ్చింది. మూడో ఆదివారం నాన్నకి జ్వరం.

నాలుగో ఆదివారం నాన్నే అడిగారు. "ఏటే బంగారం, ఇయ్యేల బీచ్‌కి ఎల్దామేటి?"

ఎగిరి గంతేసి గౌను వేసుకుని బయటికొచ్చి చూద్దును కదా... లలిత వాళ్ళింటికి తాళం! ఆనందపురంలో ఎవరిదో పెళ్ళని అందరూ వెళ్ళిపోయారు. నా ప్రాణం ఉసూరుమంది. అది చూడని బీచ్ నాకెందుకు?

లోపలికొచ్చి క్యాలెండర్ పేజీ తిప్పాను. మార్చి కూడా అచ్చు ఫిబ్రవరిలాగే ఉంది! ఒకటో తారీఖు ఆదివారమే. ఎనిమిదీ ఆదివారమే. అంకె కింద అంకె... ఏమీ తేడా లేదు. నాన్నకి ఆఫ్ పోర్టువాళ్ళు ఆ పేజీని చూసి ఇస్తారనుకున్నాను నేను. పేజీ మారలేదు కాబట్టి ఆఫ్ కూడా మారదు!

"వచ్చే ఆదోరం ఎల్దాం నాన్నా" అన్నాను, పెద్ద తెలివైనదానిలా. "నీ ఇష్టం తల్లీ" అని నాన్న మళ్ళీ నడుం వాల్చారు.

మార్చి ఒకటి. గౌను వేసుకుని, పూలు పెట్టుకుని కూర్చున్నాను. నాన్న ఖాకీ బట్టలు వేసుకుని బయటికొచ్చారు. "ఎక్కడికి నాన్నా?" "డ్యూటీకే. నెల మారిపోనాది కదే, ఆఫ్ సోమోరం అయిపోనాది." లీపు సంవత్సరం కాకపోతే ఎప్పుడూ ఫిబ్రవరీ మార్చీ ఒకేలా ఉంటాయని, పోర్టుకి దాంతో సంబంధం లేదని నాకెవరు చెప్పారు? భోరుమన్నాను. ఆ సాయంత్రం లలిత మా గుమ్మం ముందు ఆగి మరీ వెళ్ళింది.

నాన్న ఆఫ్ మళ్ళీ ఆదివారానికి వచ్చేసరికి సెప్టెంబరు అయింది. ఈలోగా వేసవి సెలవుల్లో లలిత వాళ్ళ నాన్నకి బదిలీ అయి ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. ఏ ఊరో కూడా మాకు తెలియదు.

అయినా వెళ్ళాం. నాన్న మరమరాలతో కలిపే మురీ మిక్చర్ పొట్లం కొనిచ్చారు. కెరటాల దాకా ఎత్తుకుని తీసుకెళ్ళారు. నేను మాత్రం వెనక్కి తిరిగి రోడ్డు మీద పోయే రెండు జడల పిల్లల్నే వెతుక్కున్నాను. "ఎవులి కోసమే అలా సూత్తన్నావ్? నానిక్కడున్నాను కదా..." అన్నారు నాన్న.

ఇప్పుడు విశాఖలో సగం మందికి షిఫ్టులే. ఎవరి సెలవు ఏ రోజో ఎదురింటివాళ్ళకే తెలియదు. నాన్న లేరు. నాకు యాభై దాటాయి. అయినా బీచ్‌లో నాన్న భుజమెక్కి సముద్రం వైపే చూస్తున్న పిల్ల ఎవరైనా కనిపిస్తే చాలు... ఇంకా కుళ్ళే నాకు.

మీరెవర్ని చూసి కుళ్ళుకునేవారు? సిగ్గుపడకుండా రాయండి... నేను ముందే బయటపడ్డానుగా!